పూజకు తెచ్చిన బ్యాకప్ డిస్క్

కంప్యూటర్ గదిలో ఉద్యోగం దొరికిందని మిఠాయి డబ్బాతో నా దగ్గరికి వచ్చే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. కుర్చీ పని, ఫ్యాను గాలి, ఎండలో తిరగనక్కర్లేదు అని వాళ్ళ సంతోషం. మిఠాయి తీసుకుంటాను, తింటాను. తరువాత ఒక ప్రశ్న అడుగుతాను: "ఆ గదిలో ఉన్నది ఎవరి సొత్తు?" మేనేజ్‌మెంటుదని ఒకరంటారు, గవర్నమెంటుదని ఒకరంటారు. ఇంతవరకు ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పినపాకకు అవతల, అడవి అంచున ఉన్న ఒక ట్రస్టు దవాఖానాలో రికార్డుల విభాగం చూశాను. అందులో పదిహేనేళ్ళు కాగితం, పదహారేళ్ళు కంప్యూటరు. ఏ గ్రేడు ఎప్పుడు వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. వాటితో మీకు పని లేదు. నా పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. రోగి గురించి దవాఖానాకు ఒకసారి తెలిసిన సంగతి మళ్ళీ తెలియకుండా పోకూడదు. వైరస్సుల నుంచి కాపాడటం, కాపీలు తీసి పెట్టడం, తాళాలు, పాస్‌వర్డులు అన్నీ ఆ వాక్యం కిందికే వస్తాయి.

ఇందులో కొన్ని చోట్ల నా మాట కటువుగా ఉంటుంది. మెత్తగా చెప్పి చూశాను, పదహారేళ్ళు చెప్పాను. దానివల్ల ఏం జరిగిందో కింద ఉంది.

డిస్క్‌లోంచి తియ్యి

మాకు కంప్యూటర్ వచ్చిన కొత్తలో సూపరింటెండెంటుగా ఉన్న డాక్టరుగారికి మౌసు పట్టుకోవడం కూడా సరిగా వచ్చేది కాదు. అయినా ఈ పని నాకు నేర్పింది ఆయనే. శనివారం ఓపీ ముగిశాక మా గదికి వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఒక శనివారం అడిగారు:

"అమ్మా, ఏన్కూరు నుంచి వస్తదే ముసలామె, గుండెజబ్బామె, ఆమె ఫైలు తియ్యి."

స్క్రీన్ మీద తీశాను.

"ఈ కంప్యూటర్ల నుంచి కాదు. ఆ బీరువాల పెట్టినవు చూడు, ఆ డిస్క్‌ల నుంచి తియ్యి."

మా పద్ధతి ఇది. ప్రతి సాయంత్రం ఆ రోజు వరకు ఉన్న రికార్డులన్నిటికీ ఒక విడి డిస్క్‌లోకి కాపీ తీయాలి. తీగ పీకి, ఆ డిస్క్‌ను ఆవరణ దాటి మందుల స్టోరు భవనంలో ఒక బీరువాలో పెట్టి తాళం వేయాలి. కంప్యూటర్ గదికి నిప్పంటుకున్నా, దొంగ పడినా, వైరస్ పట్టినా అవతలి భవనంలో రెండో ప్రతి ఉంటుంది. అది ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలి ఉండకూడదు. ఈ రెండు భవనాల మధ్య నడకే మా రక్షణ.

ఆ శనివారం డిస్క్ తెచ్చి తెరిస్తే ముసలమ్మ పాత ఫైలు ఉంది కాని, ఆమె చివరి మూడు రాకలూ లేవు. చూసుకుంటే ఎవరివీ లేవు. సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఖమ్మం మనిషి కొత్త రికార్డులను ఒక చోట పెట్టి, కాపీ మాత్రం పాత చోటు నుంచి తీసేలా అమర్చి వెళ్ళాడు. స్క్రీన్ రోజూ సాయంత్రం 'పూర్తయింది' అంటూనే ఉంది. ఫోన్ చేస్తే ఆ మనిషి, "పూర్తయిందనే వస్తుంది కదా మేడం, ఇంకేం కావాలె మీకు?" అన్నాడు.

డాక్టరుగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "బాబూ, కేసు షీటు మీద బతికున్నడని రాసుంటది. అయినా నేను పొద్దున పోయి ఛాతీకి చెవి పెట్టి వింట. నువ్వు వినలే."

ఆ రోజు నుంచి నేను పదవీ విరమణ చేసే దాకా ప్రతి శనివారం ఒక ఊరి రోగి ఫైలు డిస్క్ నుంచి తెరిచి చూశాను. ఆయన వెళ్ళిపోయాక అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేనప్పుడే చేయాలి. కాపీ తీశామని చెప్పేవాళ్ళు ఏ ఆఫీసులోనైనా దొరుకుతారు. చివరిసారి దాన్ని ఎప్పుడు తెరిచి చదివావని అడగండి, నేల చూపులు చూస్తారు.

చెక్‌పోస్టు

మా పరిధిలోని లోపలి ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి తమ ఊళ్ళ వివరాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవారు. అదే పెన్‌డ్రైవ్ మణుగూరు జిరాక్స్ షాపులో ఆధార్ కాపీకి వెళ్తుంది, ఫోటో స్టూడియోకు వెళ్తుంది, కొడుకు ఆటల కోసం పక్కింటి కంప్యూటర్‌కు వెళ్తుంది. అది ఎక్కడెక్కడ తిరిగిందో దాని యజమానికే తెలియదు.

అందుకని గుమ్మం పక్కన ఒక పాత కంప్యూటర్ పెట్టించాను. దానికి వేరే ఏ మిషన్‌తోనూ సంబంధం లేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్ ముందు అక్కడ పరీక్ష కావాలి. ఆ తరువాతే లోపలికి. అడవి అంచున ప్రతి లారీని ఆపే చెక్‌పోస్టు ఉంటుంది కదా, మా వాళ్ళు దీనికీ ఆ పేరే పెట్టారు. నర్సమ్మ అని ఒక కార్యకర్త ఉండేది, నోరు ఊరుకునేది కాదు.

"ఏంది మేడం, నా పెన్‌డ్రైవ్‌ల టేకు దుంగలు గిట్ల ఉన్నయనుకుంటున్నవా?"

"దుంగలైతే కండ్లకు కనబడతయ్ నర్సమ్మా. కనబడనియ్యి చూస్తున్న."

"మరి ఏం కనబడ్డది?"

"నీ బిడ్డ పెండ్లి ఫోటోలు, ఒక వైరస్సు."

"గా వైరస్‌ను ఏమన్న చేసుకో గని, ఫోటోలు ముట్టకు తల్లీ. అప్పగింతల కాడ నేను ఏడ్చిన ఫోటో ఒక్కటే మంచిగొచ్చింది."

ఫోటోలు దక్కించి ఇచ్చాను. తరువాత ఆమె తానే ముందు చెక్‌పోస్టు దగ్గర నిలబడేది, కొత్తవాళ్ళను కూడా నిలబెట్టేది. చదువు తక్కువ ఉన్నవాళ్ళు నియమం పాటించరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నియమం తమకు కాదనుకునేది పెద్ద కుర్చీలవాళ్ళే.

నా ఉద్యోగం చివరి మూడేళ్ళు దవాఖానా పాలన చూడటానికి ఒక ఏ.ఓ. వచ్చాడు. సత్తుపల్లి వైపు మనిషి. మాట తీపి. వచ్చిన వారానికే తన పెన్‌డ్రైవ్ పట్టుకొని లోపలికి రాబోతే ఆపాను.

"నాది కూడా చూస్తారా మేడం? నేనేమన్నా బయటివాణ్ణా?"

"ఎవరిదైనా చూడాలె సార్."

నవ్వాడు. మరునాడు సర్క్యులర్ వచ్చింది: అధికారుల పెన్‌డ్రైవ్‌లకు పరీక్ష అక్కర్లేదు. నేను రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. గేటు దగ్గరి వాచ్‌మన్ ఐలయ్య ఆ సర్క్యులర్ చదివి, "చెక్‌పోస్టు కాడ సార్ల బండి ఆపంగ నువ్వెప్పుడన్న చూసినవా మేడం?" అన్నాడు.

వైరస్‌లను పట్టే యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ గడువు లోపలి కంప్యూటర్లన్నిటిలో వర్షాకాలంలో అయిపోయింది. పునరుద్ధరణ కోసం ఫైలు పెడితే, "ఇన్నాళ్ళలో ఏమన్నా వచ్చిందా?" అని వెనక్కి పంపాడు. మలేరియా వార్డుకు పక్క గదిలో కూర్చుని అన్నాడు ఆ మాట. మాకు ఒకదాని తరువాత ఒకటి వాడే రెండు డిస్కులు ఉండేవి. ఎండాకాలంలో ఒకటి చెడిపోయింది. "ఇంకోటి ఉంది కదా, వచ్చే బడ్జెట్‌లో చూద్దాం" అన్నాడు. అంటే దసరా నాటికి మా దగ్గర ఒకే డిస్క్ ఉంది, పనిచేయని కాపలా ఉంది, అధికారులకు తెరిచిన గుమ్మం ఉంది.

ఆగిన మిషన్‌కు పూజ చేయరు

మా బొగ్గు ప్రాంతంలో దసరాకు పనిముట్లన్నిటికీ పూజ. గనిలో డ్రిల్లు నుంచి రోడ్డు మీద ఆటో దాకా. దవాఖానాలో ఎక్స్‌రే, జనరేటర్, అంబులెన్స్, కంప్యూటర్లు. గని కుటుంబాల్లో ఇంకో పట్టింపు ఉంది: పూజ అందుకునే మిషన్ నడుస్తూ ఉండాలి. ఆగిన దానికి బొట్టు పెడితే ఏడాదంతా ఆగుతూనే ఉంటుందంటారు. నేనూ ఇల్లందు గని కార్మికుడి కూతుర్నే. మా నాన్న ల్యాంపు వెలిగించి పెట్టి మరీ దానికి కొబ్బరికాయ కొట్టేవాడు. పూజ మీద నాకు ఏ కోపమూ లేదు.

పండుగకు ముందు రోజు ఏ.ఓ. పిలిచాడు.

"మేడం, ఈసారి కంప్యూటర్లు, చిన్న మిషన్లు అన్నీ ఒకే హాల్లో పెట్టి గ్రాండ్‌గా చేద్దాం. మీ బీరువాలో డిస్క్ కూడా ఇవ్వండి."

"దానికి బొట్టు బీరువాలనే పెడ్త సార్."

"దేవుడి దగ్గరకు తెస్తే తప్పేంటండీ?"

"తేవడం తప్పు కాదు సార్. రెండు ప్రతులూ ఒక్కచోట ఉండటం తప్పు. ఒకదానికి ఏమన్న అయితే రెండోది మిగలాలనే కదా దాన్ని అవతల పెట్టింది."

"సరే సరే, మీ ఇష్టం."

ఆ మాట నమ్మి పండుగకు ఇల్లందులో మా చెల్లెలింటికి వెళ్ళాను. బీరువాకు ఇంకో తాళంచెవి ఆయన దగ్గర ఉంది.

తరువాత జరిగింది మా ఆపరేటర్ సరిత చెప్పింది. పూజకు వచ్చిన మిగతావాళ్ళను విడివిడిగా అడిగాను, తేడా లేదు. హాల్లో రికార్డుల కంప్యూటర్‌తో సహా అన్నీ నడుస్తున్నాయి. డిస్క్‌ను తెచ్చి బంతిపూల దండ వేశారు. ఏ.ఓ. బావమరిది, పూజ పెద్దరికం ఆయనే తీసుకున్నాడు, "దీనికి లైటు వెలగట్లేదేంటి?" అని అడిగాడు. కంప్యూటర్‌కు తగిలిస్తే తప్ప వెలగదని సరిత చెప్పింది. "అయితే తగిలించు. ఆగిన మిషన్‌కు పూజేంటి?"

తగిలించారు.

అదే కంప్యూటర్‌లో పాటలు కావాలన్నారు. బావమరిది జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు, సెల్‌ఫోన్ షాపులో భక్తి పాటలు నింపించి తెచ్చాడట. సరిత చేయి చాపింది.

"సార్, ఒక్క నిమిషం. చెక్‌పోస్టుల పెట్టి తెస్త."

"ముహూర్తం దాటిపోతోంది. దేవుడి పాటలకు చెకింగేంటమ్మా? పెట్టు" అన్నాడు ఏ.ఓ.

చెక్‌పోస్టు కంప్యూటర్ అక్కడే, అదే హాల్లో ఉంది. దానికీ బొట్టు పెట్టారు, ముందు నిమ్మకాయ పెట్టారు.

పెన్‌డ్రైవ్‌లో పాటల ఫోల్డర్‌లా కనిపించినవాటిలో ఒకటి ఫోల్డర్ కాదు, వైరస్. సరిత దాన్ని నొక్కింది. పాటలు కూడా వచ్చాయి, అదే దాని తెలివి. హారతి అయింది, పులిహోర తిన్నారు. పూజ చేసిన మిషన్ ఆ రోజు ఆపకూడదని అన్నిటినీ అట్లాగే వదిలి తలుపులు వేసి జమ్మి దగ్గరికి వెళ్ళారు. డిస్క్ కంప్యూటర్‌కు తగిలే ఉంది.

ఫార్మాట్ కొట్టేద్దాం

నేను తిరిగి వచ్చేసరికి ప్రతి ఫైలుకూ తాళం పడింది. పేర్లు ఉన్నాయి, తెరిస్తే పిచ్చి గీతలు. స్క్రీన్ మీద ఇంగ్లీషులో బెదిరింపు: డబ్బు కడితే తాళం తీస్తారట. అసలు ప్రతికీ అదే గతి, డిస్క్‌లో ప్రతికీ అదే గతి.

"వైరస్ వచ్చింది మేడం. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు ఏ.ఓ.

వాన వస్తుంది. గోదావరికి వరద వస్తుంది. ఈ వైరస్ తనంతట తాను రాలేదు. దాన్ని జేబులో పెట్టుకొని తెచ్చారు, గుమ్మం దగ్గర ఆపబోయిన మనిషిని నోరు మూయించారు, రెండో ప్రతిని తాళం తీసి తెచ్చి దాని ముందు కూర్చోబెట్టారు. ఇన్ని పనులు చేతులతో చేసి, చేతుల్లో ఏముందని అడగటానికి మనిషికి సిగ్గు ఉండాలి. ఆ మాట ఆయనకే చెప్పాను.

అప్పటికే ఖమ్మం నుంచి రిపేరు మనిషిని పిలిపించి ఉన్నారు. కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టబోతున్నాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడం. సాయంత్రానికల్లా కొత్త మిషన్ లెక్క నడుస్తది."

"లోపలున్నదో?"

"అది ఎట్లాగూ పోయింది కదా."

"తాళం పడితే ఇల్లు కూలగొడ్తవా? లే అక్కడ నుంచి."

లేచాడు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. ఇట్లాంటిది కనబడితే ముందు నెట్‌వర్కు తీగ పీకండి, ఆ మిషన్ నుంచి ఇంకోదానికి పాకకుండా. ఏదీ తుడిచేయకండి. తాళం పడిన డిస్క్‌ను కూడా పక్కన భద్రంగా పెట్టండి. ఇవాళ తెరుచుకోనిది రేపు ఎవరైనా తెరవగలరేమో తెలియదు. స్క్రీన్ మీద ఉన్నదాన్ని ఫోటో తీయండి. పోలీసులకు చెప్పండి. మా ఏ.ఓ. పేరు పోతుందని ఫిర్యాదు ఆపాడు. నేను కాగితం మీద అడిగిన నాలుగు రోజులకు గాని కదలలేదు. డబ్బు కట్టి గుట్టుగా సర్దుకుందామని కూడా ఒకరన్నారు. దొంగకు డబ్బిస్తే వాడు మాట నిలబెట్టుకుంటాడని ఎవరు పూచీ? ఆ పూచీ ఇవ్వగలిగినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.

మౌనిక వచ్చిన రోజు

ఇదంతా మిషన్ల గొడవ అనుకునేవాళ్ళ కోసం తరువాతి సంగతి రాస్తున్నాను.

ఏన్కూరు దగ్గరి తండా నుంచి మౌనిక అనే పదకొండేళ్ళ పిల్ల మూడు వారాలకోసారి మా దగ్గర రక్తం ఎక్కించుకోవడానికి వచ్చేది. పుట్టుకతోనే ఒంట్లో రక్తం తగినంత తయారుకాని జబ్బు. తండ్రి లచ్చిరాం ఇల్లందులో గని కాంట్రాక్టు పని. తల్లి సోని మిరప చేలలో కూలి. మేము రికార్డులు పోగొట్టుకున్న అయిదో రోజు వాళ్ళు వచ్చారు. పిల్ల బెంచీ మీద తల్లి ఒడిలో పడుకొని ఉంది, పెదవులు తెల్లగా.

ల్యాబు టెక్నీషియన్ కిరణ్ పండుగకు వారం ముందు చేరిన కుర్రవాడు, మౌనికను చూడటం అదే మొదటిసారి. పిల్ల రక్తంతో బ్యాగు రక్తం కలిపి చూశాడు. "మ్యాచ్ అయింది మేడం. ఎక్కిద్దాం."

నాకు ఒక్క సంగతి గుర్తుంది. కొద్దిమంది పిల్లల పేరు కొడితే స్క్రీన్ మీద ఎర్ర గీత వచ్చేది. ఫలానా రకం రక్తం, గ్రూపు కలిసినా, వీళ్ళకు పడదని హెచ్చరిక. ఆ గీత పెట్టించింది నేనే. మౌనికకు అది ఉందని నా అనుమానం. ఏ రకం పడదో గుర్తు లేదు. గుర్తుందనుకున్నా దాని మీద రక్తం ఎక్కించనివ్వను. తలలో ఉన్నది రికార్డు కాదు.

ఇంకో ప్రమాదం డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఒకసారి పడని రక్తం ఎక్కితే ఒంట్లో దానికి ఎదురు తిరిగే గుణం పుడుతుంది. కొన్ని నెలలకు అది పరీక్షకు అందనంత తగ్గిపోతుంది. అప్పుడు కిరణ్ చేసే పరీక్షలో అంతా సరిపోయినట్టే కనబడుతుంది. మళ్ళీ అదే రకం ఎక్కిస్తే మాత్రం వారంలోపల ఒంట్లో రక్తం విరిగిపోతుంది. అంటే ఆ పిల్లకూ ప్రాణాపాయానికీ మధ్య ఉన్నది పాత రికార్డు ఒక్కటే.

"రేపు పొద్దున దాకా ఆగగలను. ఆ తరువాత పిల్ల ఆగలేదు" అన్నది డాక్టరమ్మ.

ఏ.ఓ. నన్ను పక్కకు పిలిచాడు. "మ్యాచ్ అయిందంటున్నారు కదా, ఎక్కించేయండి. రికార్డు పోయిందని వాళ్ళకు చెప్పొద్దు. తండావాళ్ళంతా వచ్చి గేటు మీద పడతారు."

నేను నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళాను.

"లచ్చిరాం, నీ బిడ్డ రికార్డు మేము పోగొట్టినం. ఏ రక్తం పడదో అండ్ల ఉండె. ఇప్పుడు మా దగ్గర లేదు."

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు, అడిగాడు.

"ఎట్ల పోయింది మేడం?"

చెప్పాను. డిస్క్, పూజ, పాటలు, అన్నీ.

"అంటే నా బిడ్డ పానం డబ్బాల పెట్టిన్రు. డబ్బాకు బొట్టు పెట్టిన్రు. మూత తీసిపెట్టి పోయిన్రు."

"అవ్."

సోని అందుకుంది. "మునుపు మాకు పచ్చ కార్డు ఇచ్చేటోళ్ళు. అన్నీ అండ్లనే రాసేటోళ్ళు. గా సారు వచ్చినంక గుంజుకున్నరు. అంతా కంప్యూటర్ల ఉంది, కాగితమెందుకన్నరు. ఇయ్యనంటే నన్నే పల్లెటూరిదానివి అన్నరు."

నిజం. ఏ.ఓ. కాగితం లేని ఆఫీసు అని బోర్డు పెట్టి, రోగుల చేతిలో ఉన్న ప్రతులన్నీ వెనక్కి తీసుకొని చింపించాడు. మూడో ప్రతి ఊరూరా ఉండేది, పైసా ఖర్చు లేకుండా. దాన్ని మేమే నాశనం చేశాం.

"అమ్మా, బిడ్డకు ఎప్పుడన్న రక్తం పడక తేడా చేసిందా?" అడిగాను.

"చెయ్యకేం? రెండేండ్ల కింద ఇంటికి పోయిన వారానికి కండ్లు పచ్చగైనయ్. ఉచ్చ ఎర్రగొచ్చింది. మీ దవాఖానాల్నే రక్తం తీసి పట్నం పంపిన్రు."

పట్నం అంటే హైదరాబాద్‌లో మేము నమూనాలు పంపే ల్యాబు. ఫోన్ చేశాను. మౌనిక పేరుతో చాలామంది ఉన్నారు, ఏ నెలలో పంపారో చెప్పండి, వెతుకుతామన్నారు. నెల ఎవరికీ తెలియదు. సోని వేళ్ళు మడుస్తూ ఆలోచించింది.

"మిర్చి ఏరుడు నడుస్తున్నది. మొదటి ఏరుడు అయింది. రెండోదానికి నేను పోలే, దవాఖానాలనే ఉన్న. మా అత్త కైకిలి పైసలు పోయినయని తిట్టింది, గందుకే యాదికుంది."

మాకు తెలిసిన చేలల్లో రెండో ఏరుడంటే ఫిబ్రవరి. ల్యాబు వాళ్ళకు ఆ నెల, అటూ ఇటూ నెల చెప్పాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాళ్ళ నుంచి జవాబు వచ్చింది. హెచ్చరిక నిజమే, ఏ రకం పడదో పేరుతో సహా ఉంది. డాక్టరమ్మ ఖమ్మం బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ రకం లేని బ్యాగు పరీక్షించి పంపించమంది. పొద్దున మొదటి బస్సులో ఐస్ పెట్టెతో అది వచ్చింది. ఎనిమిది గంటలకు మౌనికకు ఎక్కింది. మధ్యాహ్నానికి లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది.

కిరణ్ ముందు రోజు సిద్ధం చేసిన బ్యాగులోంచి కొద్దిగా నమూనా కూడా ఖమ్మం పంపించాం. ఆ పిల్లకు పడని రకం అదే. ఆ జవాబు చదివి కిరణ్ ఆ బ్యాగు మీద మౌనిక పేరు కొట్టేశాడు. అతని తప్పు లేదు. అతను చేయగలిగిన పరీక్ష చేశాడు. ఏ.ఓ. చెప్పినట్టు నోరు మూసుకొని ఉంటే సోని తన కూతురి కండ్లు పచ్చబడిన సంగతి మాకు చెప్పేదే కాదు. మేము అడిగేవాళ్ళమూ కాదు.

మెమో

వారం తరువాత సరితకు మెమో వచ్చింది: ఆపరేటర్ అజాగ్రత్త వల్ల వైరస్ ప్రవేశించినది. బావమరిది పేరు లేదు, బీరువా తాళంచెవి ప్రసక్తి లేదు. సరిత మెమో పట్టుకొని వచ్చింది.

"నొక్కింది నేనే కద మేడం."

"నొక్కమన్నదెవరు? చెకింగ్ అడిగిందెవరు? అది రాయి."

ఆమె రాసింది. నేను నా వాంగ్మూలం వేరుగా రాశాను. అభ్యంతరం చెప్పిన తేదీ, సర్క్యులర్ తేదీ, యాంటీవైరస్ ఫైలు వెనక్కి వచ్చిన తేదీ, రెండో డిస్క్ అడిగిన తేదీ, వరుసగా. ట్రస్టువాళ్ళు మెమో వెనక్కి తీసుకున్నారు. ఏ.ఓ.ను ఏమీ అనలేదు. చిన్న చేతిని పట్టుకోవడం ఆఫీసులకు అలవాటు, ఎందుకంటే అది దగ్గర్లో ఉంటుంది. మీరు ఆపరేటరుగా చేరితే, మీకు ఎవరు ఏం చెప్పారో ఆనాడే రాసి పెట్టుకోండి. మీరు అధికారిగా చేరితే, మీ పెన్‌డ్రైవ్ ముందు పరీక్షకు ఇవ్వండి. మిగిలిన నియమాలు సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోవచ్చు.

మిగతా రికార్డులు వచ్చిన రోగిని వచ్చినట్టు కూర్చోబెట్టి అడిగి, బయటి ల్యాబుల నుంచి తెప్పించి మళ్ళీ నింపాం. అన్నీ నిండలేదు. లోపలి ఊళ్ళ నుంచి ఏడాదికోసారి వచ్చేవాళ్ళున్నారు. ఎవరికి ఏ మందు పడదో ఒకప్పుడు మాకు తెలుసు. ఇప్పుడు తెలియదు. ఆ మనిషి వచ్చి ఆ మందు మింగేదాకా తెలియదు.

రక్తం ఎక్కించుకునే పిల్లలకు మాత్రం కార్డులు మళ్ళీ పెట్టించాను. ఏ.ఓ. సంతకం పెట్టేదాకా ఆయన గది ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాను. మౌనిక తరువాతిసారి వచ్చినప్పుడు కార్డు రాసి, హెచ్చరిక ఎర్ర సిరాతో పైనే రాసి, సోనికి చదివి వినిపించాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఆ కార్డు తీసుకొని ఫైల్లో పెట్టబోయింది. సోని ఆమె చేతిలోంచి లాక్కుంది.

"చూసి రాసుకోండ్రి. కార్డు ఇయ్యను."

అప్పుడే అటు వచ్చిన ఏ.ఓ. నవ్వుతూ అన్నాడు: "మీ దగ్గరుంటే పోతుంది కదమ్మా. వానలో తడుస్తుంది, ఎలుక కొట్టేస్తుంది."

సోని కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మడిచి, నడుముకున్న సంచిలో దోపుకుంది. తరువాత ఆయన వైపు తిరిగింది.

"పోతే పోయిందని నేనే వచ్చి నీకు చెప్త సారూ. నీ దగ్గర పోయిన్నాడు నువ్వొచ్చి నాకు చెప్పినవా?"